నోటీసు ఎవరి పేరున?

పడవల షెడ్డు,
జూన్ 11

చిరంజీవి తమ్ముడికి అక్క దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, ఇద్దరు వడ్రంగులూ, వానలకు ముందే బాగుచేసి ఇమ్మని తెచ్చి బోర్లించిన మూడు పడవలూ. నీ ఉత్తరం వచ్చి నాలుగు నెలలైంది. రాజధానిలో కాగితాలకు కరువొచ్చిందేమో అనుకుంటున్నా.

అసలు సంగతికొస్తా. మొన్న సోమవారం పొద్దున టేపు పట్టుకుని ఇద్దరు మనుషులు వచ్చారు. ఎవరు మీరంటే "రోడ్డు సర్వే అమ్మా" అన్నారు. "రోడ్డు అటుంటే కొలతలు ఇటెందుకు?" అన్నాను. పొట్టివాడు నవ్వాడు, పొడుగువాడు నవ్వలేదు. స్తంభాల మీద ఎర్ర రంగుతో అంకెలు వేశారు. తర్వాత నన్ను దారి అడక్కుండానే నాన్న పనిముట్ల గదిలోకి పోయి, మూలనున్న పలకల మీద మడమతో మూడుసార్లు తట్టి, "ఇదే" అని పుస్తకంలో రాసుకున్నారు.

ఆ పలకల కింద బావి ఉన్న సంగతి నీకూ నాకూ తప్ప ఇప్పుడెవరికీ తెలియదు. నీ అయిదో ఏట నువ్వు అందులోకి వంగి చూస్తున్నావని నాన్న ఆ రోజే మూయించాడు.

నువ్వు కాలేజీలో రాజ్యాంగ చరిత్ర చెప్తావు, పెద్దపెద్దవాళ్ళు తెలుసు. ఇదేమిటో కనుక్కుని రాయి. చేతిలో ఉలి ఉంది గానీ మనసు పని మీద లేదు.

నీ అక్క


అధ్యాపకుల గది, కాలేజీ,
జూన్ 24

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. అనవసరంగా బెంగ పెట్టుకుంటున్నావు. సర్వేలు ఏటా జరుగుతూనే ఉంటాయి. వాటిలో చాలావరకు కాగితం దాటి బయటికి రావు. మన రాజ్యాంగం ప్రకారం ప్రభుత్వం ఎవరి ఆస్తి తీసుకోవాలన్నా చట్టం ఉండాలి, ప్రజావసరం ఉండాలి, న్యాయమైన పరిహారం ఇవ్వాలి. ఈ మూడు షరతుల మీద రాజ్యాంగ సభ పదకొండు రోజులు వాదించింది. టేపు పట్టుకున్న ఇద్దరు మనుషులు వాటిని చెరిపేయలేరు.

అయినా ముందుజాగ్రత్తగా షెడ్డు పట్టా కాగితం రిజిస్టరు పోస్టులో నాకు పంపు. అసలుదే కావాలి, నకలు వద్దు. ఈలోగా ఎవరేం తెచ్చినా సంతకం పెట్టకు. రేవు గుమాస్తాతో మాత్రం అనకు. ఆయన చెవిన వేస్తే ఊళ్ళో టముకు వేసినట్టే.

పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. బొత్తిగా తీరిక లేదు.

తమ్ముడు


పడవల షెడ్డు,
జులై 9

తమ్ముడికి,

నోటీసు వచ్చింది. ఆ భాష నాకు కొరుకుడు పడక రేవు గుమాస్తా చేత చదివించుకున్నాను. నువ్వు వద్దన్నావని గుర్తుంది.

ధాన్యం గిడ్డంగి కట్టడానికి షెడ్డు మొత్తం తీసుకుంటారట. ప్రజావసరమట. అభ్యంతరం ఉంటే ముప్పై రోజుల్లో చెప్పుకోవాలట. ఒప్పుకోనని ఒక్క ముక్క రాసి ఇచ్చి వచ్చాను. కింద హద్దులన్నీ వేశారు. ఆఖర్న "లోపల బావి ఒకటి" అనుంది. దాని కింద చిన్న అక్షరాల్లో "మార్చి 9 నాటి జాబితా ప్రకారం" అనుంది.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నేను అడిగింది బావి గురించి. దాని మీద నువ్వు ఒక్క మాట రాయలేదు. రాజ్యాంగ సభ ఎన్ని రోజులు వాదించిందో మాత్రం లెక్కగా రాశావు. చిన్నప్పుడు జేబులో ఏదైనా దాచుకుంటే ఇలాగే ఎక్కువ మాట్లాడేవాడివి.

బావి సంగతి నువ్వు ఎవరికైనా చెప్పావా? అవును, కాదు అని రాస్తే చాలు.

అక్క


అధ్యాపకుల గది, కాలేజీ,
జులై 20

అక్కా,

కాదు.

నువ్వు అడిగినట్టే ఒక్క మాటలో చెప్పాను. ఆ బావి ఉందన్న సంగతే నేను మరిచిపోయాను.

ఇప్పుడు నేనొకటి అడుగుతాను. పట్టా పంపమన్నాను. నువ్వు ఆ ఊసే ఎత్తలేదు. చెదలు పట్టిందా? పోయిందా? లేక నేను చూడకూడనిదేమైనా అందులో ఉందా? నాన్న పోయే ముందు నెలంతా ఆయన దగ్గర ఉన్నది నువ్వొక్కదానివే. ఇనప్పెట్టె తాళం అప్పటినుంచీ నీ కొంగునే ఉంది. పదహారేళ్ళలో నేను ఎన్నడూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

తమ్ముడు


పడవల షెడ్డు,
ఆగస్టు 5

రాజ్యాంగ సవరణ కమిటీ కార్యదర్శి గారికి,

తమరి ఫొటో పేపర్లో చూశాం. రేవు గుమాస్తా తెచ్చి చూపించాడు. కళ్ళజోడు మార్చినట్టున్నారు, బాగుంది. పరీక్ష పేపర్లు దిద్దుతున్నామని రాశారు. దిద్దుతున్నది ఏ పేపర్లో ఇప్పుడు తెలిసింది.

"న్యాయమైన పరిహారం" అన్న చోట "న్యాయమైన" అనే మాట కొట్టేస్తారట. కొట్టేశాక, ఇంతేనా అని ఏ కోర్టూ అడక్కూడదట. ఆ వాదనంతా తమరే రాశారని, చాలా చక్కగా ఉందని పేపరువాడు మెచ్చుకున్నాడు.

నాకు చదువు తక్కువే గానీ తారీఖులు తెలుసు. నోటీసులో మార్చి 9 నాటి జాబితా అనుంది. ఆ జాబితాలు కమిటీకి పంపారని ఈ పేపర్లోనే ఉంది. కమిటీకి వచ్చే కాగితాలన్నీ కార్యదర్శి చేతి మీదుగానే వెళ్తాయి కదండీ? అయితే నేను జూన్‌లో ఆదుర్దాపడి ఉత్తరం రాసేనాటికే మా షెడ్డు పేరు తమరు చూసి ఉంటారు. చూసి, బెంగ పెట్టుకోకు అని రాశారు.

పట్టా పంపను.

షెడ్డు మనిషి


అద్దె గది,
ఆగస్టు 19

అక్కా,

నువ్వు "తమరు" అన్నావు. రెండు రోజులు ఆ మాట దాటి కిందికి చదవలేకపోయాను.

నువ్వు పట్టుకున్నది నిజం. జాబితా మార్చిలోనే చూశాను.

ముందు "న్యాయమైన" అన్న మాట సంగతి చెప్పనీ. మొదట రాజ్యాంగం వచ్చినప్పుడు పెద్ద ఎస్టేట్లు తీసుకుని దున్నేవాళ్ళకు పంచుతామన్నారు. ఎస్టేటుదారులు ఒక్కొక్కరే కోర్టుకెక్కారు. "తీసుకోండి, కాదనం, కానీ న్యాయమైన ధర ఇవ్వండి" అన్నారు. ఏది న్యాయమో తేల్చడానికి పదిహేడేళ్ళు పట్టింది. నేల వస్తుందని కాచుకున్నవాళ్ళు కాచుకునే పోయారు. నా పరిశోధనంతా దాని మీదే. ఒక్క మాట అడ్డుపడి వేల కుటుంబాలకు నేల దక్కలేదు. అందుకే కమిటీ పిలిస్తే వెళ్ళాను. తీసేయమని రాశాను. నమ్మే రాశాను. ఇప్పటికీ సగం నమ్ముతున్నాను.

నోటీసులు ముందే ఇచ్చి, సవరణ రాగానే తీసుకోవలసిన భూములంటూ మార్చిలో జిల్లాల నుంచి జాబితాలు వచ్చాయి. ఎస్టేట్లు ఉంటాయనుకుని తెరిచాను. ఇటుక బట్టీ, కోళ్ళ షెడ్డు, సైకిళ్ళు బాగుచేసే కొట్టు. ఆఖరున, నలభై ఏడో నంబరు మన షెడ్డు. పక్కనే గిడ్డంగి కట్టబోయే కాంట్రాక్టరు పేరు టైపు చేసి ఉంది. నేల ఇంకా చేతికి రాలేదు, కట్టేవాడు మాత్రం అప్పుడే ఖాయమయ్యాడు.

నీకు చెబితే షెడ్డు ముందు పారతో నిలబడతావని భయపడ్డాను. గుట్టుగా పేరు తీయిద్దామనుకున్నాను. పట్టా అడిగింది అందుకే. కమిటీ అధ్యక్షుడి దగ్గరికి వెళ్తే ఆయన చాలా మర్యాదగా, "మీ అక్కగారి షెడ్డు తీసేద్దాం. మరి నలభై ఆరో నంబరువాడి అక్క ఏం పాపం చేసింది?" అన్నాడు. పేరు తీయించకుండానే తిరిగొచ్చాను.

ఇక బావి. నా మీద పడ్డ అనుమానం దులుపుకుందామని రికార్డుల గదికి వెళ్ళాను. మన షెడ్డు పాత ఫైలు దొరికింది. అక్కా, ఈ ముక్క కూర్చుని చదువు. నలభై ఒక్కేళ్ళ కిందట ఆ నేలను ప్రభుత్వం ఒక మనిషి దగ్గర లాక్కుంది. వరదల్లో జనం తలదాచుకునే సత్రం కడతామన్నారు, కట్టలేదు. మూడేళ్ళ తర్వాత అది నాన్నకు ఇచ్చారు. లాక్కున్న నాడు కొలతలు వేసిన మేస్త్రీ నాన్నే. నోటీసులోని బావి ఆయన గీసిన పటంలోది. కింద ఆయన సంతకం ఉంది.

ఆ మనిషి తాళ్ళు పేనే ఒక విధవరాలు. పరిహారం తీసుకోలేదు. "డబ్బు నాకొద్దు, నా నేల నాకు కావాలి" అని రాయించి వేలిముద్ర వేసింది. ఫైల్లో ఆమె మాట అదొక్కటే.

తమ్ముడు


పడవల షెడ్డు,
సెప్టెంబరు 1

తమ్ముడికి,

నాకు తెలుసు.

నాన్న చివరి నెలలో చెప్పాడు. సత్రం కడతారనే నిజంగా నమ్మి కొలిచాడట. కట్టకుండా పడి ఉంటే, పై ఆఫీసరు "నువ్వు పడవలు చేస్తావుగా, నీకు రాయిస్తా" అన్నాడట. కాదనలేకపోయాడు. అప్పటికి నేను పుట్టి ఏడేళ్ళు, నువ్వు నాలుగు. చిన్నప్పుడు గేటు దగ్గర కూర్చునే ఒక ముసలమ్మ గుర్తుందా? నాన్న రోజూ తన కంచంలోది తీసి ఇచ్చేవాడు. జాలిగుండె అని మనం మురిసిపోయాం. ఆమె ఒక్కనాడూ ఆయన మొహం చూసి తీసుకోలేదు. ఆమే ఈమె.

పట్టా వెనకవైపు ఎవరి నేలలోంచి ఇచ్చారో రాసి ఉంది. అందుకే పంపలేదు. నువ్వు చూస్తే ఊరుకోవు. నీతి అంటావు, చరిత్ర అంటావు, పుస్తకంలో ఎక్కిస్తావు. నాన్న పేరు ఎక్కించడానికి నీకు వేరే చోటు దొరకలేదా అని నేను జన్మంతా ఏడవాలి.

బావి సంగతి పాత కాగితాల్లోంచి వచ్చి ఉంటుందని నాకు మొదటే అనుమానం తగిలింది. అయినా నిన్ను అడిగాను. నీ నోటి నుంచి ఏం వస్తుందో చూద్దామని. ఒకళ్ళ నుంచి ఒకళ్ళం దాచుకోవడంలో మనిద్దరం నాన్న పిల్లలమే.

ఇంకొకటి కూడా చెప్పేస్తా. ఆ ముసలమ్మ ఎప్పుడో పోయింది, కూతురు రేవు సంతలో తాళ్ళు అమ్ముతుంది. నేను ఇరవై ఏళ్ళుగా ఆమె దగ్గరే కొంటున్నా. వదినా అని పిలుస్తా. గట్టిగా బేరం కూడా ఆడతా.

నా అభ్యంతరం మీద విచారణ అక్టోబరు 3న. ఏం చెప్పాలో తోచడం లేదు.

అక్క


అద్దె గది,
సెప్టెంబరు 14

అక్కా,

ఒక దారి దొరికింది. నీకు నచ్చదు.

రాజ్యాంగ సభలో ఒక నేతపని సభ్యుడు ఉండేవాడు. ఆస్తి అధికరణ మీద ఆయన ఒక్కసారే లేచాడు. "పక్కింటి నుంచి నిచ్చెన తెచ్చుకున్నాను, ఎక్కలేదు. అలాగని దాన్ని మూడో ఇంటికి ఇచ్చేస్తానా?" అని అడిగి కూర్చున్నాడు. అందరూ నవ్వారట. అయినా ఆ ఏడే భూసేకరణ చట్టంలో ఒక సెక్షను చేర్చారు. ఫలానా అవసరమని తీసుకున్న నేలను ఆ పనికి వాడకపోతే, ఇంకెవరికైనా ఇచ్చే ముందు అసలు మనిషికో, వారసులకో తిరిగి ఇస్తామని అడిగి తీరాలి. అడక్కుండా ఇస్తే ఆ ఇవ్వడం చెల్లదు. సెక్షను ఇప్పటికీ ఉంది. ఎవరూ వాడలేదు కాబట్టి ఎవరూ కొట్టేయలేదు.

ఆ ముసలమ్మను అడిగినట్టు ఫైల్లో ఎక్కడా లేదు. అంటే నాన్నకు ఇవ్వడం చెల్లదు. షెడ్డు నీది కాదు. నీది కానప్పుడు నీ పేరున వచ్చిన నోటీసు కూడా చెల్లదు.

ప్రభుత్వం నుంచి షెడ్డు దక్కాలంటే, అది నాది కాదని నువ్వు ఆ అధికారి ముందు నీ నోటితో చెప్పాలి. ఆమె కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్ళి చెప్పాలి. ఫైలు నకళ్ళు ముద్ర వేయించి పంపుతున్నాను.

తమ్ముడు


పడవల షెడ్డు,
సెప్టెంబరు 22

తమ్ముడికి,

నకళ్ళు అందాయి. వేలిముద్ర చూశాను.

నిజం చెప్పు. ఇది న్యాయమా, నువ్వు పన్నిన ఎత్తా? నోటీసు పోగొట్టడానికి ఆమెను వాడుకుని, తర్వాత ఇంకో సెక్షను తీసి మళ్ళీ నా పేరున తిప్పుతావా? అలాంటిదేదైనా నీ బుర్రలో ఉంటే ఇప్పుడే రాసెయ్. నేను ఆమె మొహం చూడాలి.

అక్క


అద్దె గది,
సెప్టెంబరు 27

అక్కా,

రెండూ. ఎత్తుగానే మొదలుపెట్టాను. ఆ వేలిముద్ర నకలు తీయిస్తూ ఉంటే ఎత్తు నా చేతిలో నిలవలేదు. ఇంకో సెక్షను లేదు. ఉన్నా వెతకను.

తమ్ముడు


పడవల షెడ్డు,
అక్టోబరు 5

తమ్ముడికి,

జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

ఒకటో తారీఖున సంతకు వెళ్ళాను. ఆమె తాడు పేనుతోంది. పక్కన కూర్చుని "వదినా, మా షెడ్డు నేల మీ అమ్మది" అన్నాను. చెయ్యి ఆపలేదు.

"తెలుసు" అంది.

"ఎప్పటినుంచి?"

"అక్కడే పుట్టాను. తెలియకేం? నీకు తెలుసో లేదో అని ఇరవై ఏళ్ళుగా చూస్తున్నా. బేరం ఆడుతుంటే తెలియదేమో అనుకునేదాన్ని."

ఆమే అడిగింది: "ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడెందుకు చెప్తున్నావు? నీకు నోటీసు వచ్చిందనా?"

"అవును" అన్నాను. అబద్ధం ఆడటానికి చోటే లేదు.

"రాకపోతే చెప్పేదానివా?"

"ఏమో వదినా."

ఆమె తాడు ముడేసి, "ఎన్నింటికి రావాలి?" అంది.

విచారణ గదిలో అధికారి మంచివాడిలానే ఉన్నాడు. బల్ల మీద గిడ్డంగి బొమ్మ అట్టముక్కలతో చేసి పెట్టుకున్నాడు. నేను చెప్పింది విని కలం కింద పెట్టాడు. "అమ్మా, మీ ఆస్తి మీది కాదని మీరే అంటున్నారా?"

"అవునండి."

"ఎవరో నేర్పించారు మీకు."

"నేర్పించారండి. మా తమ్ముడు రాజ్యాంగం చదివాడు."

"మరి ఈమె మీకెంత ఇస్తానంది?"

నాకు ఒళ్ళు మండింది. నేను నోరు తెరిచేలోపే తాళ్ళామె లేచి, నకలు బల్ల మీద పెట్టి, వేలిముద్ర మీద వేలు ఆనించింది. "ఇది మా అమ్మది. డబ్బొద్దని ఆనాడే చెప్పింది. మీరు సత్రం కడతామన్నారు. సత్రం ఏదండీ?" అంది. అంతే. గొంతు కూడా పెంచలేదు.

ఆయన సెక్షను ఉన్న పుస్తకం తెప్పించి, ఒకసారి గబగబా, ఒకసారి నిదానంగా చదివాడు. అవతలి గదికి వెళ్ళి ఫోను చేశాడు. చాలాసేపు "అవునండి, ఉందండి, కొట్టేయలేదండి" అని వినిపించింది. వచ్చి, నోటీసు తప్పు మనిషికి వెళ్ళింది కాబట్టి రద్దు చేస్తున్నానని రాశాడు. "సరైన పేరున మళ్ళీ పంపడానికి మాకేం అడ్డు లేదు" అని కూడా అన్నాడు. ఆమె వంక చూస్తూ అన్నాడు.

బయటికి వచ్చాక నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. సంతకు వేళవుతోందని వెళ్ళిపోయింది.

అక్క


అద్దె గది,
నవంబరు 18

అక్కా,

సవరణ నెగ్గింది. "న్యాయమైన" అన్న మాట ఇక లేదు. నేను కమిటీకి ఒక అసమ్మతి పత్రం ఇచ్చాను. ఆ మాట ఎస్టేట్లకు మాత్రమే తీసేయమని, పనిచేసుకుని బతికేవాళ్ళ చోట్లకు ఉంచమని, నేతపని సభ్యుడి షరతును రాజ్యాంగంలోకే ఎక్కించమని రాశాను. అధ్యక్షుడు చదివి, "ఇది మీ అక్కగారి షెడ్డు కథ" అన్నాడు. నివేదికలో అది అచ్చు కాలేదు. నా పేరూ అచ్చు కాలేదు. ప్రస్తుతం కాలేజీ పని ఒక్కటే చూసుకుంటున్నాను.

ఆ నలభై ఏడు పేర్లూ నా దగ్గర రాసుకున్నాను. సెలవుల్లో ఒక్కొక్కరి దగ్గరికి వెళ్ళి వాళ్ళ కాగితాలు చూద్దామనుకుంటున్నాను. ఇటుక బట్టీ ఆయనకు ఉత్తరం రాశాను. ఎవరు నువ్వు, నీకేం లాభం అని జవాబు రాశాడు.

షెడ్డు ఏమైంది? నువ్వు ఎక్కడ పనిచేస్తున్నావు?

తమ్ముడు


పడవల షెడ్డు,
జనవరి 9

చిరంజీవి తమ్ముడికి అక్క దీవెనలు.

నువ్వు కమిటీ మానేశావో, వాళ్ళే మాన్పించారో రాయలేదు. పోనీలే. ఇటుక బట్టీ ఆయన అడిగింది మాత్రం సబబే. జవాబు ఓపిగ్గా రాయి.

డిసెంబరులో పట్టా ఆమె పేరున మారింది. ఇనప్పెట్టెలోంచి పాత కాగితం తీసి నా చేత్తోనే ఇచ్చాను. వెనకవైపు కూడా చదివించుకుంది.

మొదటి వారం నా సామాను సర్దుకున్నా. వడ్రంగులిద్దరూ మొహాలు వేలాడేసుకుని కూర్చున్నారు. మూడో రోజు ఆమె వచ్చి షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరికి అడుగులు వేసి చూసుకుంది. తాడు పేనడానికి పొడుగు కావాలి కదా. గోడవైపు బారు తనకట, నీటివైపు సగం నాకట. పడవలు ఇటు జరుపుకోమంది. అద్దె మాట అడిగితే, "చూద్దాం" అంది. ఆ చూద్దాం అన్న దాంట్లో ఏముందో ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. నేను అలా అన్నప్పుడు జనం ఎలా నలిగిపోయేవాళ్ళో ఇప్పుడు తెలుస్తోంది.

మేం స్నేహితులమయ్యామని రాయను. వదినా అంటే పలుకుతుంది. నాన్న గదిలోకి మాత్రం అడుగు పెట్టదు. ఆ గది తీసెయ్యమనీ నాతో అనదు. గేటు తాళం ఆమె దగ్గరే ఉంటోంది. పొద్దున్నే వెళ్ళి ఆమె వచ్చేదాకా బయట నిలబడుతున్నా. మొదట్లో సిగ్గేసేది. ఇప్పుడు రేవు గుమాస్తాతో పిచ్చాపాటీ వేసుకుంటున్నా.

నిన్న పొడుగువాడు మళ్ళీ వచ్చాడు. ఈసారి టేపు లేదు, ఉత్తినే గేటు దగ్గర నిలబడి చూసి పోయాడు. ఆమె తాడు పేనుతూనే వాణ్ణి చూసింది. సాయంత్రం తాళం వేస్తూ, "నోటీసు వస్తే ఇక నా పేరున వస్తుంది. నీ తమ్ముడు నాకు పత్రం రాసిపెడతాడా?" అని అడిగింది.

"తప్పకుండా రాస్తాడు. కానీ వాడు రాసింది ఇంకెవరి చేతనైనా ఒకసారి చదివించుకో" అన్నాను.

"నీ చేత చదివించుకోనా?" అంది.

"వద్దు వదినా, నా చేత కూడా వద్దు" అన్నాను.

ఆమె తల ఊపి, తాళం రెండుసార్లు లాగి చూసుకుని వెళ్ళింది. నువ్వు రాయడం మొదలుపెట్టు.

నీ అక్క